లక్కీ డ్రాగన్ పడవ కలాసీలు: రేడియేషన్ వల్లా, ఎక్కించిన రక్తం వల్లా?

సందేహాలరావు

1954 మార్చి 1న పసిఫిక్ సముద్రంలో, మార్షల్ దీవుల్లోని బికినీ దగ్గర అమెరికా హైడ్రోజన్ బాంబు పేల్చింది. ఆ పేలుడు బూడిద ఒక జపాన్ చేపల పడవ మీద పడింది. పడవ పేరు దైగో ఫుకుర్యు మారు, బయటి పత్రికల్లో లక్కీ డ్రాగన్. అందులో 23 మంది. ఏడు నెలలు తిరక్కుండానే రేడియో ఆపరేటర్ కుబోయామా ఐకిచి చనిపోయాడు. వయసు నలభై.

నా ప్రశ్న ఒకటే. ఆయన పోయింది రేడియేషన్ వల్లా, కామెర్ల వల్లా? ఆసుపత్రిలో రక్తం ఎక్కించినప్పుడు పట్టుకున్న హెపటైటిస్ (కాలేయ వాపు) అని అమెరికా వాళ్ళు, రేడియేషనే అని జపాన్ డాక్టర్లు. మిగతా 22 మంది ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్ళారు, ఒకాయన ఎనభై దాటి బతికాడు. మరి "చావు బూడిద" అని పత్రికలు పెట్టిన పేరు కొంచెం ఎక్కువైందేమో అనిపిస్తోంది. తిట్టకండి, తెలిసినవాళ్ళు విడమర్చి చెప్పండి.

పాతపేపరు

రావుగారూ, జబ్బు సంగతి డాక్టర్లు చూసుకుంటారు. అసలు ఏం జరిగిందో వరసగా పెడతాను. లేకపోతే చర్చ గాల్లో నడుస్తుంది.

పడవ 140 టన్నుల చెక్క పడవ. షిజువోకా ప్రాంతంలోని యాయిజు రేవు నుంచి జనవరి 22న ట్యూనా వేటకి బయల్దేరింది. మార్చి 1న బికినీకి తూర్పున దాదాపు 160 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఇంకా చీకటి. గాలాల తాళ్ళు నీళ్ళలోకి వదిలేసి, కొందరు కునుకు తీస్తున్నారు. పడమటి ఆకాశం ఒక్కసారిగా వెలిగింది. సూర్యుడు పడమట పుట్టాడా అనుకున్నారట. ఏడెనిమిది నిమిషాల తర్వాత చప్పుడు వచ్చింది.

అప్పుడే వెళ్ళిపోవాల్సింది. కానీ తాళ్ళు నీళ్ళలో ఉన్నాయి, వాటిని వదిలేస్తే వేట మొత్తం పోయినట్టే. లాగడానికి ఆరు గంటలు పట్టింది. ఆ మధ్యలోనే, పేలుడైన రెండు మూడు గంటలకి, సన్న వానతో కలిసి తెల్లటి పొడి రాలడం మొదలైంది. డెక్ మీద నడిస్తే అడుగుల ముద్ర పడేంత. కళ్ళల్లో, చెవుల్లో, ముక్కుల్లో, కాలర్ లోపల. ఇదేమిటో అని నాలిక మీద వేసుకుని చూసినవాళ్ళూ ఉన్నారు. గరగరలాడింది, వాసన లేదు.

సాయంత్రానికి తలనొప్పి, వాంతులు, విరేచనాలు, కళ్ళు మంట. రెండు మూడు రోజులకి బొబ్బలు. వారం దాటాక జుట్టు కుచ్చులు కుచ్చులుగా చేతికి వచ్చేసింది. యాయిజు చేరింది మార్చి 14న. 16న యోమియురి పత్రికలో వార్త వచ్చేసరికి వాళ్ళు తెచ్చిన చేపలు అప్పటికే మార్కెట్లకి వెళ్ళిపోయాయి.

కెరటం_వైజాగ్

షిప్పు మీద ఉద్యోగం చేసేవాడిగా నాకు ఆ ఏడెనిమిది నిమిషాలే పట్టేశాయి. వెలుగుకీ చప్పుడుకీ మధ్య తేడాని ధ్వని వేగంతో గుణిస్తే దూరం వచ్చేస్తుంది. సెకనుకి 340 మీటర్లు, ఏడెనిమిది నిమిషాలంటే దాదాపు 150, 160 కిలోమీటర్లు. ఆ పడవ వాళ్ళు కూడా అలాగే లెక్క కట్టి, చార్టు మీద చూసుకుని, బికినీ అని గుర్తుపట్టారు. అంటే బాంబు పరీక్ష అని వాళ్ళకి ఆ రోజే అనుమానం వచ్చింది. అయినా కుబోయామా రేడియోలో ఆ మాట ఎత్తలేదు. అమెరికా మిలిటరీ వింటే ఏం చేస్తుందోనని భయం. ఆ భయం నాకు అర్థమవుతుంది, యుద్ధం ముగిసి తొమ్మిదేళ్ళే అయింది.

ఇంకో సంగతి. మా విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో చెక్క బోటు ఎక్కి చూడండి. నైలాన్ తాడు, వల, చెక్కల సందులు, తారు పూసిన అతుకులు, కప్పు మీద కుప్పేసిన సామాను. సన్న పొడి అలాంటి చోట పడితే ఎంత కడిగినా పోదు. మంచినీళ్ళు తాగడానికీ వంటకీ తప్ప వాడరు, స్నానం ఉప్పునీళ్ళతోనే. రెండు వారాలు అదే కప్పు కింద పడుకుని, అదే తాళ్ళ పక్కన తిని వచ్చారు. బూడిద కొన్ని గంటల్లో పడి ఆగిపోయింది, వీళ్ళు దాంతో ఇంటిదాకా ప్రయాణం చేశారు.

చిన్నోడు_2001

ఒక డౌట్. అక్కడ పరీక్ష చేస్తున్నామని ముందే చెప్పరా? హద్దు గీయలేదా?

పాతపేపరు

గీశారు తమ్ముడూ. పడవ ఆ హద్దుకి బయటే ఉంది, 30 కిలోమీటర్ల పైచిలుకు అవతల. బాంబే హద్దు దాటింది. 6 మెగాటన్నుల చుట్టుపక్కల వస్తుందని లెక్కేస్తే 15 వచ్చింది. హిరోషిమా బాంబుకి వెయ్యి రెట్లు. ఇంధనంలోని లిథియం-7 పెద్దగా పాలుపంచుకోదనుకున్నారు, అది ట్రిటియం (బరువైన హైడ్రోజన్ రకం) పుట్టించి మంటని పెంచింది.

బూడిద ఇంత రావడానికి ఇంకో కారణం ఉంది. హిరోషిమాలో బాంబు దాదాపు 600 మీటర్ల ఎత్తులో పేలింది, అగ్నిగోళం నేలని తాకలేదు. ఇక్కడ పగడపు దిబ్బ మీదే పెట్టి పేల్చారు. దాదాపు రెండు కిలోమీటర్ల వెడల్పున గొయ్యి పడింది. ఆ పగడమంతా పొడై, రేడియోధార్మిక పదార్థాన్ని ఒంటికి పూసుకుని పైకి లేచి, గాలివాటున తూర్పుకి వచ్చి పడింది. తెల్లగా ఉన్నది అందుకే, అది సున్నపు పొడి.

సందేహాలరావు

> తెల్లగా ఉన్నది అందుకే, అది సున్నపు పొడి

అదే నేనూ చదివాను. అప్పటి అమెరికా అణుశక్తి కమిషన్ ఛైర్మన్ లూయిస్ స్ట్రాస్ కూడా అదే అన్నాడు కదా, చర్మం మీది పుళ్ళు రేడియేషన్ వల్ల కాకపోవచ్చు, పగడం కాలి వచ్చిన సున్నం వల్ల కావచ్చని. మరి ఆ మాట ఎందుకు కొట్టేస్తున్నారు?

గ్రే_మీటర్

నేను క్యాన్సర్ ఆసుపత్రిలో మెడికల్ ఫిజిసిస్ట్‌ని. రోజూ చేసేది డోసు లెక్కలే కాబట్టి కాస్త పెద్దగా రాస్తాను, ఓపిక పట్టండి.

స్ట్రాస్ మాట ఎందుకు నిలవదంటే, సున్నం పడితే మంట అప్పటికప్పుడే తెలుస్తుంది. వీళ్ళకి బొబ్బలు రోజుల తర్వాత వచ్చాయి. సున్నానికి వారం తర్వాత జుట్టు ఊడదు. సున్నం వల్ల రక్తంలో తెల్లకణాలు తగ్గవు. స్ట్రాస్ పడవ హద్దు లోపలే ఉండి ఉంటుందని కూడా అన్నాడు, అదీ తప్పే.

ఇక జరిగింది. దెబ్బలు రెండు రకాలు, వేర్వేరుగా చూడాలి.

మొదటిది చర్మం. బూడిదలోని పదార్థాలు బీటా కణాల్ని వదులుతాయి. బీటా ఒంట్లోకి కొన్ని మిల్లీమీటర్లకి మించి దూరదు. కాబట్టి బూడిద ఎక్కడ అంటుకుందో అక్కడే కాల్చింది: మెడ, మణికట్లు, చెవులు, నడుం దగ్గర బట్ట బిగిసే చోటు, తల. అది దెబ్బ కొట్టేది చర్మం అడుగున కొత్త కణాలు పుట్టే పొరని. పైనున్న పాత చర్మం ఎప్పటిలాగే కనిపిస్తుంది. దాని కింద కొత్తది తయారవకపోయేసరికి నల్లబడటం, బొబ్బ, పుండు అప్పుడు బయటపడతాయి. యాయిజులో దిగినప్పుడు వాళ్ళ ముఖాలు నల్లగా మాడినట్టు ఉన్నాయని చూసినవాళ్ళు చెప్పారు.

రెండోది ఒళ్ళంతటికీ తగిలిన గామా కిరణాలు, ఇవి లోపలిదాకా దూరతాయి. ఇది డెక్ నుంచీ, కప్పు నుంచీ, తాళ్ళ నుంచీ వచ్చింది, కెరటం గారు చెప్పినవన్నీ. మనిషిని బట్టి 1.7 నుంచి 6 గ్రే (ఒంట్లో దిగిన రేడియేషన్ కొలత) దాకా పడిందని అంచనా. వైద్యం లేకపోతే 4 గ్రే దగ్గర సుమారు సగం మంది పోతారు.

మరి ఎందుకు పోలేదు? మా వాళ్ళు వాడే ఒక ముతక సూత్రం ఉంది: పేలుడు నుంచి గడిచిన కాలం ఏడు రెట్లయితే రేడియేషన్ తీవ్రత పదో వంతుకి పడుతుంది. మూడో గంటలో బూడిద పడిందనుకోండి. 21వ గంటకి తీవ్రత పదో వంతు, ఆరు రోజులకి నూరో వంతు. ఆ లెక్కన రెండు వారాల మొత్తం డోసులో సగానికి పైగా మొదటి రోజే పడిపోయింది. మిగతాది మెల్లమెల్లగా పద్నాలుగు రోజుల మీద పరుచుకుంది. ఒకే దెబ్బగా పడినదానికీ, విడతలుగా పడినదానికీ చాలా తేడా. మధ్యలో ఒళ్ళు కాస్త కోలుకుంటుంది. ఇదే లెక్క తిరగేసి చూస్తే, మొదటి రోజే డెక్ కడిగి బట్టలు పారేసి ఉంటే డోసు ఎంత తగ్గేదో తెలుస్తుంది.

లక్షణాల వరస కూడా పాఠ్యపుస్తకంలో ఉన్నట్టే. మొదటి రోజు వాంతులు, విరేచనాలు. తర్వాత కొన్నాళ్ళు తగ్గినట్టు అనిపిస్తుంది. ఆ తర్వాత ఎముకల లోపల రక్తకణాలు పుట్టించే మూలుగ దెబ్బతిన్న సంగతి బయటపడుతుంది. తెల్లకణాలు మామూలుగా 4 వేల పైన ఉండాలి, కొందరికి 2 వేల లోపుకి పడ్డాయి. అదీ దెబ్బ తగిలిన నెల, రెండు నెలల తర్వాత, ఏప్రిల్‌లో మేలో. రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు తగ్గితే చిగుళ్ళ నుంచి రక్తం, ఏ చిన్న ఇన్ఫెక్షనైనా ప్రమాదం. వీర్యకణాలు కొన్నాళ్ళు దాదాపు లేకుండా పోయి, తర్వాత తిరిగి వచ్చాయి. చాలామందికి తర్వాత పిల్లలు పుట్టారు.

1954లో చేయగలిగింది మంచం మీద పడుకోబెట్టడం, యాంటీబయోటిక్స్, రక్తం. రేడియేషన్ ప్రమాదంలో మూలుగ మార్పిడి ప్రయత్నం నాలుగేళ్ళ తర్వాత, యుగోస్లావియాలో విన్చా రియాక్టర్ దగ్గర ప్రమాదం జరిగినప్పుడు, పారిస్‌లో చేశారు.

నెల్లూరు_కవిత

గ్రే గారూ, అడగొచ్చో లేదో. మా అమ్మకి రొమ్ము క్యాన్సర్‌కి రేడియేషన్ ఇచ్చినప్పుడు కాగితం మీద 50 గ్రే అని రాసి ఉంది. మీరేమో 4కే సగం మంది పోతారంటున్నారు. చదవగానే గుండె ఆగినంత పనైంది. అమ్మ బాగానే ఉంది.

గ్రే_మీటర్

తప్పకుండా అడగొచ్చమ్మా, ఈ ప్రశ్న మా డిపార్ట్‌మెంటులో తరచూ వస్తుంది. అమ్మగారికి పడిన 50 ఆ ఒక్క భాగానికే. అదీ రోజుకి 2 చొప్పున, వారానికి ఐదు రోజులు, ఐదు వారాలు. మూలుగలో చాలా భాగానికి అది తగల్లేదు. పడవ వాళ్ళకి పడిన 4, 5 గ్రే తల నుంచి కాలి దాకా, మూలుగ అంతటికీ. గ్రే అనేది ఒక కిలో కండలో ఎంత శక్తి దిగిందన్న కొలత మాత్రమే, ఎంత మేర మీద పడిందో అది చెప్పదు. అమ్మగారి కాగితం చూసి టెన్షన్ పడకండి.

నెల్లూరు_కవిత

హమ్మయ్య. థాంక్స్ అండీ.

సందేహాలరావు

బాగుంది, చర్మం, తెల్లకణాలు ఒప్పుకున్నాను. కానీ నా మొదటి ప్రశ్న అక్కడే ఉంది. గ్రే గారి లెక్క ప్రకారమే జూన్, జూలైకి తెల్లకణాలు కోలుకోవాలి. కుబోయామా పోయింది సెప్టెంబర్ 23న. అప్పటికి కామెర్లు ముదిరి, స్పృహ తప్పి, కాలేయం చెడిపోయి పోయాడు. రేడియేషన్ అంత తక్కువ డోసులో కాలేయాన్ని అలా చేస్తుందా?

లివర్_డాక్టర్

ఇక్కడ నేను రావాలి. హైదరాబాద్‌లో కాలేయ వైద్యుణ్ణి.

రావుగారి అనుమానంలో పస ఉంది. 5 గ్రే రేడియేషన్ ఒక్కటే కాలేయాన్ని అలా కుళ్ళబెట్టదు. ఒళ్ళంతా పడిన ఆ డోసుకి ముందు మూలుగ, తర్వాత పేగు దెబ్బతింటాయి. కాలేయం వాటి కంటే మొండిది. పైగా కామెర్లు కుబోయామా ఒక్కడికే కాదు, ఆ వార్డుల్లో ఇంకా చాలామందికి వచ్చాయి. రక్తం, ప్లాస్మా ఎక్కించిన కొన్ని నెలలకి వార్డు వార్డంతా పచ్చబడిందంటే ఏ డాక్టరుకైనా మొదట తట్టేది సీరం హెపటైటిస్, అంటే రక్తం ద్వారా అంటుకునే హెపటైటిస్.

1954లో రక్తంలో హెపటైటిస్ ఉందో లేదో చూసే పరీక్ష లేదు. హెపటైటిస్ బి గుర్తు దొరికింది 1960ల్లో, సి వైరస్‌ని పట్టుకున్నది 1989లో. యుద్ధం తర్వాతి జపాన్‌లో డబ్బుకి రక్తం అమ్మేవాళ్ళ మీదే ఆసుపత్రులు ఎక్కువగా ఆధారపడేవి. ఆ రక్తం ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోండి.

తర్వాతి చరిత్ర కూడా అదే చెబుతోంది. చీబాలోని రేడియాలజీ జాతీయ సంస్థ ఆ మిగిలినవాళ్ళని దశాబ్దాలపాటు పరీక్షిస్తూ వచ్చింది. హెపటైటిస్ వైరస్ సోకిన గుర్తులు మామూలు జనంలో కంటే వాళ్ళలో బాగా ఎక్కువ. 2003 నాటికి 12 మంది పోతే, ఆరుగురికి కాలేయ క్యాన్సర్, ఇద్దరికి సిర్రోసిస్ (కాలేయం గట్టిపడే జబ్బు). ఒకాయన రోడ్డు ప్రమాదంలో పోయాడు. రేడియేషన్ తగిలినవాళ్ళలో మనం మామూలుగా భయపడేది ల్యూకేమియాకి, అంటే రక్త క్యాన్సర్‌కి. ఈ జాబితా చూస్తే కాలేయమే కనిపిస్తుంది.

ఇప్పుడు రావుగారు "చూశారా" అనకముందే రెండో సగం చెప్తాను. రక్తం ఎందుకు ఎక్కించారు? మూలుగ చచ్చుబడింది కాబట్టి. మూలుగ ఎందుకు చచ్చుబడింది? బూడిద వల్ల. ఎక్కించకపోతే ఏప్రిల్, మే నెలల్లోనే కొందరు పోయేవాళ్ళు. ఇంకొకటి: రోగనిరోధక శక్తి అడుగంటిన మనిషికి అదే వైరస్ పడితే అది ప్రవర్తించే తీరు వేరు. ఆరోగ్యవంతుడు కోలుకునే చోట ఇతను కోలుకోకపోవచ్చు. కాబట్టి "రేడియేషనా, హెపటైటిసా" అని రెండుగా చీల్చడం నాకు నచ్చదు. జపాన్ డాక్టర్లు, ముఖ్యంగా ఆ కేసుల్ని చూసిన త్సుజుకి మసావో బృందం, రేడియేషన్ జబ్బు అని రాయడంలో రాజకీయం ఉందని కొందరంటారు. ఉండొచ్చు. హెపటైటిస్ అని ఒక్క మాటతో తేల్చిన అమెరికా వైపు అంతకంటే ఎక్కువ ఉంది.

సందేహాలరావు

డాక్టరుగారూ, నేను "చూశారా" అనను గానీ, మరణ ధ్రువీకరణ పత్రం మీద ఒకటే రాయాలి కదా. మీరైతే ఏం రాసేవారు?

లివర్_డాక్టర్

ఒకటే రాయనక్కర్లేదు. మన ఆసుపత్రుల్లో నింపే ఫారం 4 చూశారా ఎప్పుడైనా? మరణ కారణం గడి కింద వరసగా మూడు గీతలు ఉంటాయి. మొదటిదాంట్లో ప్రాణం తీసిన తక్షణ కారణం. దాని కింద, అది దేనివల్ల వచ్చింది. దాని కింద, ఆ రెండోది దేనివల్ల వచ్చింది. అన్నిటికంటే కింది గీత మీద ఉన్నదాన్నే మూల కారణంగా లెక్కలోకి తీసుకుంటారు. మా హౌస్ సర్జన్లు తరచూ "గుండె ఆగి" అని రాసేసి చేతులు దులుపుకుంటారు, అందరికీ గుండె ఆగే పోతుంది నాయనా అని తిట్టి మళ్ళీ రాయిస్తాను.

కుబోయామాకి నేను రాసేది ఇది. మొదటి గీత: కాలేయం పూర్తిగా విఫలమవడం. రెండో గీత: రక్తమార్పిడి ద్వారా సోకిన హెపటైటిస్ అయి ఉండవచ్చు. మూడో గీత: తీవ్రమైన రేడియేషన్ వల్ల మూలుగ దెబ్బతినడం, 1954 మార్చి 1.

కెరటం_వైజాగ్

ఇది బాగా చెప్పారు సార్. మా కంపెనీ ఇన్సూరెన్స్ వాళ్ళు రెండో గీత దగ్గరే ఆగిపోతారు, అది వేరే సంగతి.

సందేహాలరావు

మూడో గీత ఒప్పుకుంటాను. రెండో గీతలో "అయి ఉండవచ్చు" అని మీరే రాశారు, అది గుర్తుంచుకుంటాను.

యోకోహామా_తెలుగు

ఆలస్యంగా చూశాను ఈ థ్రెడ్. పదేళ్ళకి పైగా ఇక్కడే ఉంటున్నాను, ఆ పడవ ఇప్పటికీ ఉంది. టోక్యోలో యుమెనోషిమా అనే చోట, ఒకప్పుడు ఊరి చెత్తంతా పోసి పూడ్చిన దీవి మీద, ప్రత్యేకంగా కట్టిన హాలులో. ప్రభుత్వమే ఆ పడవని కొని, శుభ్రం చేయించి, పేరు మార్చి మత్స్యశాఖ విద్యార్థుల శిక్షణకి వాడింది. 1967లో పనికిరాదని అమ్మేస్తే ఇంజిను పీకేసి అక్కడ పారేశారు. జనం గొడవ చేసి కాపాడారు. 1976లో హాలు తెరిచారు.

లోపలికి వెళ్తే ముందు కొట్టేది పడవ ఎంత చిన్నదో అన్న సంగతే. సుమారు 30 మీటర్ల పొడవు. 23 మంది ఎక్కడ పడుకున్నారో అర్థం కాదు. గాజు సీసాలో ఆ బూడిద కొంచెం పెట్టారు, మన ముగ్గుపిండి లాగే ఉంది.

జబ్బు గురించి మాట్లాడుతున్నారు కాబట్టి ఆసుపత్రి తర్వాతి సంగతి కూడా చెప్పాలి. వాళ్ళని 1955 మే దాకా, అంటే పద్నాలుగు నెలలు ఆసుపత్రిలో ఉంచారు. ఆ జనవరిలో అమెరికా 20 లక్షల డాలర్లు ఇచ్చింది, చట్టపరమైన బాధ్యత మాకేం లేదు అన్న షరతుతో. అందులో కలాసీలకి తలా సుమారు 20 లక్షల యెన్‌లు వచ్చాయి. ఇంటికి వెళ్తే ఊరు రెండు రకాలుగా చూసింది. ఒకటి, డబ్బు మీద ఏడుపు. యాయిజులో చేపల ధర పడిపోయి నష్టపోయిన పడవలు ఎన్నో, వాళ్ళకి దక్కనిది వీళ్ళకి దక్కిందని. రెండు, వీళ్ళని ముట్టుకుంటే ఏదో అంటుకుంటుందని భయం. పిల్లనివ్వడానికి వెనకాడటం.

ఓయిషి మతషిచి అని అప్పుడు ఇరవై ఏళ్ళ కుర్రాడు. ఊరు వదిలి టోక్యో వచ్చి లాండ్రీ పెట్టుకుని, ఎవరికీ చెప్పకుండా బతికాడు. మొదటి బిడ్డ చనిపోయి పుట్టింది. 1980ల్లో ఒక బడి పిల్లలు అడిగితే నోరు విప్పాడు, ఆ తర్వాత వందలసార్లు మాట్లాడాడు. కాలేయ క్యాన్సర్‌కి ఆపరేషన్ అయింది, హెపటైటిస్ సి ఉంది. 2021లో 87 ఏళ్ళ వయసులో పోయాడు. రావుగారు చెప్పిన "ఎనభై దాటిన" మనిషి ఈయనే. ఆ ఎనభై ఎలా గడిచాయో కూడా లెక్కలో వేసుకోవాలి.

ఇంకొకటి, హిరోషిమా, నాగసాకి బాధితులకి ఇచ్చే ఆరోగ్య కార్డు వీళ్ళకి ఇవ్వలేదు. ఆ చట్టం ఆ రెండు ఊళ్ళకే.

చిన్నోడు_2001

బూడిదలో ఏమున్నాయో అమెరికా డాక్టర్లకి చెప్పిందా? చెప్తే వైద్యం సులువయ్యేది కదా.

పాతపేపరు

చెప్పలేదు. మంచి ప్రశ్న అడిగావు. ఏ పదార్థాలున్నాయో చెప్తే బాంబు లోపలి రహస్యం బయటపడుతుంది. అమెరికా నిపుణులు వచ్చారు గానీ, వైద్యం కంటే పరిశీలన మీదే వాళ్ళ ఆసక్తి అని జపాన్ డాక్టర్లకి కోపం వచ్చింది. మాకు మా రోగుల్ని చూసుకోవడం వచ్చు అని పంపేశారు.

చివరికి టోక్యో విశ్వవిద్యాలయ రసాయన శాస్త్రవేత్త కిమురా కెంజిరో బృందం సొంతంగా బూడిదని విడగొట్టింది. స్ట్రాన్షియం లాంటివి సరే, అందులో యురేనియం-237 కూడా దొరికింది. మామూలు యురేనియం-238ని చాలా వేగమున్న న్యూట్రాన్ కొట్టి, అందులోంచి ఇంకో న్యూట్రాన్‌ని ఊడగొడితేనే అది పుడుతుంది. అంటే బాంబు చుట్టూ యురేనియం తొడుగు ఉంది, శక్తిలో పెద్ద భాగం ఆ తొడుగులోని అణువులు చీలడం (విచ్ఛిత్తి) వల్లే, ఇంత కాలుష్యమూ అందుకే. ఒసాకాకి చెందిన నిషివాకి యసుషి ఈ వివరాలు యూరప్‌లో భౌతిక శాస్త్రవేత్త జోసెఫ్ రోట్‌బ్లాట్‌కి చెప్తే, ఆయన కూర్చుని లెక్క కట్టాడు. రహస్యం చేపల పడవ మీద నుంచి బయటికి వచ్చింది.

మన వైపు నుంచి: ఏప్రిల్ 2న నెహ్రూ లోక్‌సభలో లేచి, ముందు ఈ పరీక్షలైనా నిలిపేయండి అని అడిగాడు. పరీక్షలు ఆపాలని ఒక దేశ ప్రధాని అడగడం అదే మొదలు అంటారు. గాల్లో పరీక్షల నిషేధ ఒప్పందం 1963లో గానీ రాలేదు.

గ్రే_మీటర్

పడవ గురించే మాట్లాడుతున్నాం గానీ, అదే బూడిద మార్షల్ దీవుల్లోనే ఉన్న రోంగెలాప్ దీవి జనం మీద కూడా పడింది. వాళ్ళని తీసుకెళ్ళడానికి రెండు రోజులు పట్టింది. ఏడు-పది సూత్రం గుర్తుంది కదా, ఆ రెండు రోజులే అసలు రోజులు.

వైద్యపరంగా ఇద్దరికీ ఒక తేడా ఉంది. దీవి జనం ఆ నీళ్ళే తాగారు, ఆ తిండే తిన్నారు. రేడియోధార్మిక అయోడిన్ గొంతులోని థైరాయిడ్‌లో చేరింది. చిన్నపిల్లల గ్రంథి చిన్నది కాబట్టి అదే అయోడిన్‌కి డోసు ఎక్కువ. అప్పటికి పదేళ్ళ లోపున్న పిల్లల్లో ఎక్కువమందికి 1960ల నుంచి థైరాయిడ్ గడ్డలు వచ్చాయి. కొందరికి ఎదుగుదలే ఆగిపోయింది. పడవ వాళ్ళకి థైరాయిడ్ డోసు అంతకంటే బాగా తక్కువ, పెద్దవాళ్ళు, తిన్నది పేలుడికి ముందే ఎక్కించుకున్న బియ్యం, నీళ్ళు. ఒక చిన్న వివరం: దీవి ఆడవాళ్ళు తలకి కొబ్బరినూనె రాసుకునేవాళ్ళు, బూడిద ఆ నూనెకి పట్టేసింది. తల మీద పుళ్ళు, జుట్టు ఊడటం.

కెరటం_వైజాగ్

అమెరికా సొంత నౌకలు కూడా అక్కడే ఉన్నాయిగా. వాళ్ళకి?

గ్రే_మీటర్

పడింది. కానీ జనాన్ని లోపలికి పంపి, తలుపులూ గాలి దారులూ మూసి, డెక్ మీద నిరంతరం సముద్రపు నీళ్ళు చిమ్మే ఏర్పాటు పెట్టారు. బైరోకో అనే నౌక మీద కొందరికి బీటా కాలిన గాయాలయ్యాయి, పడవ వాళ్ళంత కాదు. కొలిచే యంత్రం ఉండటం, ఏం పడుతోందో తెలిసి ఉండటం, ఈ రెండే తేడా.

సందేహాలరావు

2011లో ఫుకుషిమా దగ్గరికి సాయానికి వెళ్ళిన రోనాల్డ్ రీగన్ నౌక వాళ్ళు కూడా కేసు వేశారు కదా. అదీ ఇలాంటిదేనా?

గ్రే_మీటర్

కాదండీ, రెండిటినీ ఒక గాటన కట్టకండి. అక్కడ కొలిచిన డోసులు మిల్లీ సీవర్టులో చిన్న భాగం (గామాకి ఒక సీవర్టు అంటే ఒక గ్రే అనుకోండి, మిల్లీ అంటే అందులో వెయ్యో వంతు). ఇక్కడ వేల రెట్లు ఎక్కువ. అమెరికా కోర్టులో ఆ కేసు నిలవలేదు. దాన్ని దీన్ని కలిపితే నిజంగా దెబ్బతిన్నవాళ్ళ మాటకి విలువ పోతుంది.

యోకోహామా_తెలుగు

నిజంగా దెబ్బతిన్నవాళ్ళంటే గుర్తొచ్చింది. ఆ ఏడాది కలుషితమైన చేపలు పారబోయాల్సి వచ్చిన పడవలు 850కి పైనే. లక్కీ డ్రాగన్ ఒక్కటే పేపర్లకెక్కింది. కోచి ప్రాంతంలో 1980ల్లో హైస్కూలు పిల్లలు, టీచర్లు ఇల్లిల్లూ తిరిగి పాత కలాసీల్ని అడిగితే, చిన్నవయసులో క్యాన్సర్లతో పోయినవాళ్ళ పేర్లు బయటపడ్డాయి. రికార్డులేవీ లేవని ప్రభుత్వం చాలా ఏళ్ళు చెప్పింది. 2014లో వందలాది పడవల రేడియేషన్ కొలతల కాగితాలు బయటికి ఇచ్చింది. 2016లో కోచి కలాసీలు, వాళ్ళ కుటుంబాలు కోర్టుకెక్కారు. 2018లో కింది కోర్టు కొట్టేసింది, మరుసటి ఏడు పైకోర్టూ అంతే.

లివర్_డాక్టర్

వాళ్ళ రక్తం అప్పట్లో ఎవరూ తీసి చూడలేదు, అక్కడే కేసు బలహీనపడింది. లక్కీ డ్రాగన్ వాళ్ళకి వారం వారం తెల్లకణాల లెక్క ఉంది, మూడో గీత నింపడానికి కాగితం ఉంది.

గ్రే_మీటర్

పూర్తిగా దారి లేకపోలేదు. పంటి ఎనామిల్‌లో గామా తగిలిన గుర్తు దశాబ్దాలు నిలుస్తుంది, దాన్ని కొలవొచ్చు. తెల్లకణాల్లో తారుమారైన క్రోమోజోములు కూడా. హిరోషిమా విశ్వవిద్యాలయ పరిశోధకులు కోచి కలాసీల మీద ఇలాంటి కొలతలు చేశారు. పంటి ఎక్స్‌రేలు ఎన్ని తీయించుకున్నారో ముందు తీసేయాలి, వయసుతో వచ్చే మార్పులు కూడా. కోర్టు అడిగే "ఈయనకి ఈ జబ్బు దీనివల్లే" అన్న రుజువు అందులోంచి రాదు. ఇంత డోసు పడింది అన్నంత వరకే.

సందేహాలరావు

పన్ను ఊడిపోయినవాళ్ళ సంగతేంటి? తొంభై ఏళ్ళ వాళ్ళకి పళ్ళెక్కడివి?

గ్రే_మీటర్

ఊడిన పన్నైనా చాలు, పారేయకుండా దాచి ఉంటే. డాక్టరు పీకిన పళ్ళతోనే ఆ కొలతలు ఎక్కువగా జరుగుతాయి.

యోకోహామా_తెలుగు

టోక్యో వచ్చేవాళ్ళెవరైనా ఉంటే: షిన్-కిబా స్టేషన్‌లో దిగి పావుగంట నడక. టిక్కెట్టు లేదు. సోమవారం మూసేస్తారు, చూసుకుని రండి.